నిండుకున్నది

తిప్పి మాట్లాడేవాళ్లంటే బ్లెస్సీకి పడదు. అందులో ఆమె తప్పేమీ లేదు, పెంపకం అలాంటిది. మంథనిలో వాళ్ల నాన్న ఏలియా సర్కారు బడిలో అటెండరు, ఆదివారం చర్చిలో పెద్ద. ఉంటే ఉందను, లేకుంటే లేదను, నడుమ సందు పెట్టకు అన్నది ఆయన ఇంటి చట్టం. ఇంటికొచ్చిన చుట్టాన్ని అన్నం తింటావా అని ఒక్కసారే అడిగేవాడు. చుట్టం మొహమాటానికి ‘ఇప్పుడే తిన్నం’ అన్నాడో, ఆ మాట నమ్మి కంచాలు తీయించేసేవాడు. అలా కడుపు మాడ్చుకున్న చుట్టాలు పెద్దపల్లి బస్సులో దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూ పోయేవారట. రెండోసారి వచ్చినవాళ్లు మాత్రం అడిగేదాకా ఆగకుండా పీట వాల్చుకుని కూర్చునేవారు.

అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లకు కంప్యూటర్ నచ్చకపోతేనే ఆశ్చర్యపోవాలి. దానికి మొహమాటం లేదు. ఔను, కాదు, ఈ రెండే తెలుసు. బ్లెస్సీ కరీంనగర్‌లో పాలిటెక్నిక్ చదివి, అక్కడే పాల సంఘం పెద్దాఫీసులో సర్వర్ల గదికి కాపలాదారుగా కుదురుకుంది. కాగితం మీద ఉద్యోగం పేరు వేరే ఉంది గానీ, చేసేది కాపలాయే. భర్త ఫిలిప్ మస్కట్‌లో ఏసీ మెకానిక్కు. అతను ఫోన్‌లో ‘మంచిగున్న’ అంటే ఊరుకునే మనిషి కాదు. ఏం తిన్నావు, ఎప్పుడు పడుకున్నావు, దగ్గు తగ్గిందా అని ఒక్కొక్కటీ విడివిడిగా అడిగి, అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు తనే తేల్చి చెబుతుంది, మంచిగున్నవని. ఉద్యోగం ఇంటిదాకా వచ్చిందని ఫిలిప్ నవ్వుతాడు.

ఆ ఉద్యోగం ఏమిటో కొంచెం చెప్పాలి. సంఘానికి గోదావరి కిందా పైనా చాలా ఊళ్లలో పాలను చల్లబరిచే కేంద్రాలున్నాయి. మంథనిలో ఒకటి, బాసరలో ఒకటి, హైవే మీది ఇచ్చోడలో ఒకటి, అలా. పొద్దున్నే చుట్టుపక్కల పల్లెల పాలు వచ్చి అక్కడి పెద్ద స్టీలు ట్యాంకులో పడతాయి. ట్యాంకు వాటిని నాలుగు డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది, టాంకర్ లారీ వచ్చి తీసుకుపోతుంది. కరెంటు పోతే జనరేటర్ నడవాలి. అది కూడా ఆగిందా, ఎండాకాలంలో పాలకు ఎంతోసేపు ఓపిక ఉండదు. ప్రతి కేంద్రంలోనూ ఒక కంప్యూటర్, అందులో ఒక చిన్న ప్రోగ్రాము ఉంటాయి. పాల చల్లదనం ఎంత, కరెంటు ఉందా, జనరేటర్ నడుస్తోందా అని అది కరీంనగర్‌కు వార్తలు పంపుతూనే ఉంటుంది. ఆ వార్తలన్నీ బ్లెస్సీ గదిలో గోడ మీది పెద్ద తెరపై కనిపిస్తాయి. బాగుంటే పచ్చ, ప్రమాదమైతే ఎరుపు. ఆ తెరను, దాని వెనకున్న సాఫ్ట్‌వేర్‌ను చూసుకోవడమే ఆమె పని.

పోయిన ఎండాకాలం ఒక కేంద్రంలో ట్యాంకు పాలు మొత్తం విరిగిపోయాయి. తెర మీద ఎరుపు వచ్చింది గానీ, పాలు పోయాక వచ్చింది. పాతబడిన సాఫ్ట్‌వేర్ ఆ రోజు వార్త అందుకుని మింగి కూర్చుంది. సంఘం పెద్దలు సాఫ్ట్‌వేర్‌ను ఏమనగలరు? కాపలా ఉన్న ముసలాయన్ని ఇంటికి పంపారు. అంతటితో ఆగక, ఏ ట్యాంకు విరిగినా అక్కడ కాపలా ఉన్నవాళ్లు ఇంటికే అని రూలు పెట్టారు. ముసలాయన కేంద్రం తాళంచెవులు తెచ్చి ఆఫీసులో అప్పజెప్పి మెట్లు దిగిపోయాడు. బ్లెస్సీ కిటికీలోంచి చూసింది. తన తెర చేసిన తప్పుకు ఇంకో మనిషి అలా మెట్లు దిగకూడదని ఆ రోజే గట్టిగా అనుకుంది. కొత్త సాఫ్ట్‌వేర్ కావాలని అప్పటి నుంచీ మేనేజర్ శ్యాంసుందర్ చెవిలో జోరీగలా చేరింది.

చివరికి ఒక ఆదివారం ముహూర్తం కుదిరింది. ఆఫీసు ఖాళీగా ఉంటుందని ఆదివారం పెట్టారు. ఆవులకూ బర్రెలకూ ఆదివారం లేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. చర్చి ఎగ్గొడుతున్నందుకు ఏలియా ఫోన్‌లో విసుక్కున్నాడు.

“అదేం సాఫ్ట్‌వేరు బిడ్డా, దేవుని దినం తప్ప ఇంకో దినం దొరకలేదా దానికి?”

“నేను పెట్టలే బాపూ, హైదరాబాద్ కంపెనోళ్లు పెట్టిండ్రు. ఇయ్యాల గాకుంటే మళ్ల వానాకాలమే అంటుండ్రు.”

ముందు రోజు సాయంత్రం అటువైపంతా గాలిదుమారం లేచింది. ఇచ్చోడ దగ్గర కరెంటు స్తంభాలు ఒరిగాయి. అక్కడి కేంద్రం రాత్రి నుంచీ జనరేటర్ మీదే ఉంది. బ్లెస్సీ ఆ మాట శ్యాంసుందర్‌కు చెప్పింది. ఆయన కాసేపు గోడకేసి చూసి, జనరేటర్ నడుస్తోంది కదా, మనం ఎంతలో ముగిస్తాం, కానిద్దాం అన్నాడు. చెడ్డవాడేం కాదు, చైర్మన్‌కు మాటిచ్చి ఇరుక్కున్నవాడు. బ్లెస్సీ కూడా కాదనలేదు. ఇన్నాళ్లూ అడిగి అడిగి తెచ్చుకున్న రోజును చేతులారా వదులుకోబుద్ధి కాలేదు.

పాత సమాచారమంతా నకలు తీసి పక్కన పెట్టింది. అలారాలను కాసేపు నోరు మూసుకోమంది. పాత సాఫ్ట్‌వేర్‌ను ఆపి కొత్తది ఎక్కించింది. తెర మీద నీలం గీత నత్తలా పాకుతుంటే ఆమె, శ్యాంసుందర్ ఇద్దరూ రెప్ప వేయకుండా చూశారు. గీత చివరిదాకా వెళ్లింది. తెర ఒకసారి నల్లబడి మళ్లీ వెలిగింది. అన్ని కేంద్రాలూ పచ్చగా ఉన్నాయి. మంథని నాలుగు, బాసర నాలుగు, ఇచ్చోడ నాలుగు.

“శభాష్,” అని శ్యాంసుందర్ ఆ పచ్చదనాన్ని ఫోటో తీసి చైర్మన్ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. బొటనవేళ్లు, దండాలు వరసగా వచ్చి పడ్డాయి.

బ్లెస్సీ మాత్రం తెర ముందు నుంచి కదల్లేదు. ఎందుకో ఆ పచ్చదనం ఆమెకు నచ్చలేదు. పాల చల్లదనం ఎప్పుడూ ఒకేచోట నిలబడదు. నాలుగు మీద ఒక పాయింటు, నాలుగు మీద రెండు, మళ్లీ ఒకటి, ఇలా ఊగుతూనే ఉంటుంది, పడుకున్న మనిషి ఛాతీ కదిలినట్టు. ఇప్పుడు ఏదీ కదలడం లేదు. ఒక్కో అంకె పక్కన సన్నటి అక్షరాల్లో ఆ వార్త ఎప్పుడొచ్చిందో ఉంటుంది. ముందుకు వంగి చూసింది. అన్ని కేంద్రాలకూ ఒకటే సమయం, ఆమె పాత సాఫ్ట్‌వేర్ ఆపిన సమయం.

“సార్, ఇది ఇప్పటిది కాదు,” అంది. “కేంద్రాలల్ల ఉన్నది పాత ప్రోగ్రాం. దాని మాట దీనికి అర్థమైతలేదు. ఒక్క వార్త గూడ వస్తలేదు. ఆఖరుకు ఏం విన్నదో అదే చూపిస్తుంది.”

“మరి పచ్చగుంది కదమ్మా.”

“వార్త రాకుంటే ఎర్రగ కావాలె సార్. పాతదాంట్ల నేను అట్లనే పెట్టుకున్న. కొత్తదాంట్ల అది పోయింది, నేను చూడలే.”

శ్యాంసుందర్ వాట్సాప్ గ్రూపు తెరిచి ఫోటో తీసేద్దామా అని చూశాడు. అప్పటికే చైర్మన్ పువ్వుల గుత్తి పెట్టి ఉన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, తొందరగా బాగుచెయ్యమని, అందాకా కేంద్రాలకు ఫోన్ చేసి అడుగుతూ ఉండమని అన్నాడు. సరైన మాటే. కంటికి కనపడనప్పుడు చెవితోనే చూడాలి.

ఆమె ఆఫీసు ఫోన్ అందుకుంది. మంథనిలో కరెంటుంది, ట్యాంకు మీది చల్లదనం ముల్లు నాలుగు దగ్గర ఉంది. బాసరలోనూ అంతే. ఇచ్చోడ సూపర్‌వైజర్ కొమురెల్లి సెల్లు కలవలేదు. కేంద్రం ఫోన్‌కు చేస్తే చాలాసేపు మోగి, చివరికి ఒక ఆడమనిషి ఎత్తింది. బుచ్చవ్వ. ట్యాంకు కడగడం, క్యాన్లు కడగడం, సూపర్‌వైజర్ లేనప్పుడు కాపలా ఉండడం ఆమె పని. బ్లెస్సీ ఆమెను ఎన్నడూ చూడలేదు, మాట్లాడలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా కొమురెల్లే ఎత్తేవాడు.

“అవ్వా, నేను కరీంనగర్ ఆఫీసు నుంచి బ్లెస్సీని. కొమురెల్లి సారు లేడా?”

“బాసరకు వోయిండు బిడ్డా, మనుమనికి పలక పట్టిపియ్య. నేనొక్కదాన్నే ఉన్న.”

“కరెంటు వచ్చిందా?”

“యాడిది. జనరేటరే నడుస్తున్నది.” నడుస్తున్నట్టు వినబడుతూనే ఉంది. దాని రొదలో ఆమె అరిచి చెబుతోంది.

“పాలు ఎంతున్నయి ముల్లు మీద?”

“నాలుగున్నయి.”

“డీజిల్ ఎట్లున్నదవ్వా?”

“డీజిల్ నిండుకున్నది బిడ్డా. జర సూడుండ్రి.”

“మంచిదవ్వా. మంచిగైంది.”

అటువైపు ఒక క్షణం మాట లేదు. తర్వాత బుచ్చవ్వ “సరె బిడ్డా” అని పెట్టేసింది.

బ్లెస్సీ తన ముందున్న డీజిల్ లెక్క కాగితం మీద ఇచ్చోడ పక్కన ‘ఫుల్’ గడిలో టిక్కు పెట్టుకుంది. చదువుతున్న మీలో కొందరికి ఈపాటికే గుండె గుభేలుమని ఉంటుంది. బ్లెస్సీకి అనలేదు. నిండిందంటే నిండింది. ఏలియా బిడ్డకు అందులో రెండో అర్థం వెతికే అలవాటు లేదు. ఇచ్చోడకు ఇక ఫికర్ లేదనుకుని, నిమ్మళంగా సాఫ్ట్‌వేర్ మీద పడింది.

హైదరాబాద్ కంపెనీ ఇంజనీరు ఫోన్‌లో దారి చెప్పాడు. కేంద్రాల్లోని చిన్న ప్రోగ్రాములను కూడా ఒక్కొక్కటిగా కొత్తవి చెయ్యాలి. ఇక్కడి నుంచే పంపవచ్చు. పంపింది. మంథనిది సగందాకా ఎక్కి ఆగింది. మళ్లీ పంపింది, మళ్లీ ఆగింది. సర్వర్ లోపలి రాతలు తెరిచి చదివితే, అసలు రోగం వేరే బయటపడింది. పొద్దున తీసిన నకలు, కొత్త సాఫ్ట్‌వేర్ తనకోసం తీసుకున్న ఇంకో నకలు, రెండూ ఒకే డిస్కులో కూర్చుని దాన్ని మింగేశాయి. ఇసుమంత చోటు లేదు. చోటు చేద్దామంటే పొద్దుటి నకలు తీసెయ్యాలి. అది తీసేస్తే వెనక్కి వెళ్లే దారి ఉండదు. ఆమె దాన్ని ఇంకో సర్వర్‌కు పంపడం మొదలుపెట్టింది. మళ్లీ నీలం గీత, మళ్లీ నత్తనడక.

గది బయట వరండాలో నవత నడుస్తూ ఫోన్‌లో మాట్లాడుతోంది. నవత లెక్కల సెక్షన్‌లో పని చేస్తుంది. హుజూరాబాద్ దగ్గర వ్యవసాయం ఇంటి కోడలు. పెండింగు పనేదో ముగించుకోవడానికి ఆదివారం కూడా వచ్చింది. డిస్కు నిండిపోయిందని బ్లెస్సీ తల పట్టుకుంటే మధ్యలో ఒకసారి చాయ్ తెచ్చిచ్చింది కూడా.

“ఆ, అత్తమ్మ చేసింది,” అంటోంది నవత ఫోన్‌లో భర్తతో. “ఇంట్ల చక్కెర నిండుకున్నదట. నేను వచ్చేటప్పుడు తెస్తగని, నువ్వు చిన్నదాన్ని చూడు.”

కీబోర్డు మీద బ్లెస్సీ వేళ్లు ఆగిపోయాయి.

“అక్కా,” అని పిలిచింది. “చక్కెర నిండుకుంటే నువ్వెందుకు తెచ్చుడు?”

నవత ఫోన్ పెట్టేసి నవ్వింది. “నిండుకున్నదంటే ఒడిసిందనే, అయిపోయిందనే. మా అత్తమ్మ ఒడిసిందన్న మాట నోట్లకెల్లి రానియ్యది. సంసారం ఉన్న ఇంట్ల గట్ల అనద్దట.”

అప్పుడు గుర్తొచ్చింది బ్లెస్సీకి వాళ్ల నాయనమ్మ దేవవ్వ. ఏలియా చట్టానికి ఆ ఇంట్లో లొంగనిది ఆమె ఒక్కతే. ఎప్పుడో పెళ్లినాటికే మిషన్ సంఘంలో కలిసింది, ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చునేది, కానీ బియ్యం కుండ అడుగంటితే మాత్రం ‘నిండుకున్నయి’ అనేది. అవేం మాటలే అవ్వా, ఒడిసినయనరాదా అని ఏలియా కసిరేవాడు. దేవవ్వ ఖాళీ చేట అతని ముందు పెట్టి వెళ్లిపోయేది. ఆమె పోయినప్పుడు బ్లెస్సీ రెండో తరగతి. ఆ మాట కూడా ఆమెతోనే ఇంట్లోంచి వెళ్లిపోయింది.

బ్లెస్సీ ఇచ్చోడకు ఫోన్ చేసింది. ఈసారి బుచ్చవ్వ తొందరగానే ఎత్తింది. ఆమె మాట ఎంతో స్పష్టంగా వినబడింది. వెనక జనరేటర్ చప్పుడు లేదు.

“అవ్వా, జనరేటర్ ఆగిందా?”

“ఎప్పుడో ఆగింది బిడ్డా. నీకు చెప్పిన గద. మీ మనిషి డీజిల్ తెస్తడని తొవ్వ జూస్తున్న.”

“ముల్లు ఎంతున్నది?”

“ఏడు కాడ ఉన్నది. ఇందాక ఆరే ఉండె.”

పది దాటితే ఆ పాలు తీసుకోరు, కాలువలో పోయించేస్తారు. నలభై పల్లెల పాలు. ఆ పాలతో పాటు బుచ్చవ్వ ఉద్యోగం కూడా పోతుంది. డీజిల్ కొనే కార్డు కొమురెల్లి జేబులో బాసర వెళ్లింది. ఆఫీసు చెబితేనే బంకు వాళ్లు క్యాను నింపి పంపుతారు. అందుకే బుచ్చవ్వ ఆఫీసుకు చెప్పి, గడప మీద కూర్చుని దారి చూస్తోంది. చెప్పాల్సిన మాట చెప్పిన మనిషి ఇంకేం చేస్తుంది?

“అవ్వా, ట్యాంకు మూత తియ్యకు. గోనె సంచులుంటే తడిపి మీద కప్పు. నేను పంపిస్త,” అని బంకుకు చేసింది. ఊళ్లో కరెంటు లేదు, వాళ్ల జనరేటర్ కూడా చెడిపోయింది, పంపు తిరగడం లేదు. అప్పుడు ఆమెకు టాంకర్ గుర్తొచ్చింది. ఇచ్చోడ పాలు తేవడానికి హనుమండ్లు పొద్దున్నే లారీతో బయలుదేరాడు. లారీ నడిచేది డీజిల్‌తోనే కదా.

“హనుమండ్లన్నా, యాడున్నవ్?”

“నిర్మల్ ఘాట్ మీదున్న చెల్లె. ముంగట ఒక లారీ ఫెయిలైంది. బండ్లన్ని నిలవడ్డయి.”

“అన్నా, ఇచ్చోడల డీజిల్...” అని ఒక్క క్షణం ఆగి, జాగ్రత్తగా పలికింది. “ఒడిసింది. జనరేటర్ బంద్ ఉన్నది. పాలు ఏడు దాటినయి. నీ బండ్లకెల్లి తీసి పోస్తవా?”

“నా బండ్లె మస్తున్నది. గీ ఘాటు దిగుడే కష్టం,” అన్నాడు హనుమండ్లు. తర్వాత అతని హారను తప్ప ఇంకేమీ వినబడలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కానీ పట్టుకోకుండా ఎవరూ ఊరుకోలేరు. బ్లెస్సీ శ్యాంసుందర్ గదిలోకి వెళ్లి, సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ముఖంలో రంగు మారింది.

“ఫుల్ ఉన్నదని ఆమెనే కదా చెప్పింది?”

“నిండుకున్నదని చెప్పింది సార్.”

“అదే కదా. ఆఫీసు ఫోన్ల రికార్డై ఉంటది. అది ఉండనీ, పైలంగ దాచిపెట్టు.”

ఆ మాట బ్లెస్సీకి ముల్లులా గుచ్చుకుంది. జవాబు చెప్పడానికి అప్పుడు సమయం లేదు. సర్వర్ గదికి పరిగెత్తింది. నకలు అటువైపు చేరింది, డిస్కులో చోటు వచ్చింది. కొత్త ప్రోగ్రాములు ఒక్కొక్కటే పంపితే మంథని తెర మీద కదిలింది, బాసర కదిలింది. ఇచ్చోడ కంప్యూటర్‌కు ఊపిరే లేదు. అది లేవగానే కొత్తది దానికదే ఎక్కేట్టు పెట్టింది. వార్త రాని కేంద్రం పచ్చగా కాదు, ఎర్రగా చూపించాలని కొత్తదానికి కూడా నేర్పింది. వెంటనే ఇచ్చోడ గడి ఎర్రబడింది. ఇచ్చోడ గురించి కొత్త తెర చెప్పిన మొదటి నిజం అదే.

తర్వాత చెయ్యడానికి ఏమీ లేకపోయింది. అదే కష్టం. బుచ్చవ్వకు ఫోన్ చేస్తే ఎనిమిదంది. ఇంకాసేపటికి ఎనిమిదిన్నర అంది. చర్చి విడిచి మధ్యాహ్నమైంది గానీ, ఆమె మనసులోనే ప్రార్థన చేసుకుంది. మాటలు కూడబలుక్కోలేదు, ఘాట్ మీద లారీ కదిలేట్టు చూడమని మాత్రమే అడిగింది. నవత వచ్చి పక్కన కూర్చుంది.

ఈసారి ఫోన్ చేసింది హనుమండ్లు.

“వచ్చిన చెల్లె. పైపు పెట్టి తీసి పోసిన. కని ఇంజన్ లేస్తలేదు. పూర ఎండవెట్టి నడిపిండ్రు గద, పైపులల్ల గాలి జొచ్చింది. గాలి తియ్యాలె.”

“ముల్లు?”

“తొమ్మిదుంది.”

ఫోన్ నేల మీద పెట్టినట్టున్నాడు. పానా చప్పుడు వినబడింది. ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది. హనుమండ్లు దాన్ని నోటికొచ్చిన తిట్టు తిట్టాడు. మళ్లీ పానా, మళ్లీ దగ్గు. బుచ్చవ్వ ఏదో దేవుణ్ని పిలుస్తోంది. మూడోసారి ఇంజను దగ్గి, ఆగబోయి, ఆగకుండా అందుకుంది. ఆ రొద ఫోన్‌లోంచి గదంతా నిండింది. శ్యాంసుందర్ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

కాసేపటికి తెర మీద ఇచ్చోడ గడిలో అంకె పడింది. తొమ్మిది మీద నాలుగు. ఎర్రగానే ఉంది, కానీ కదులుతోంది. తొమ్మిది మీద మూడు. తొమ్మిది మీద రెండు. పక్కన సన్నటి అక్షరాల్లో సమయం ఇప్పటిదే.

ఇంకా ఒక గండం ఉంది. ఆ పాలు చెడ్డాయో లేదో తేలాలి. అందుకు పెద్ద మిషనేమీ అక్కర్లేదు, గిన్నెడు పాలు పొయ్యి మీద పెడితే అవే చెబుతాయి. బుచ్చవ్వ పొయ్యి ముట్టించింది. బ్లెస్సీ ఫోన్ చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది.

“పొంగినయి బిడ్డా,” అంది బుచ్చవ్వ.

ఇక ఏ మాటనూ నమ్మే స్థితిలో లేదు బ్లెస్సీ. “పొంగినయంటే మంచిగున్నట్టా అవ్వా, ఇరిగినట్టా?”

“ఇరిగిన పాలు యాడ పొంగుతయి బిడ్డా. మంచిగున్నయి. తెల్లగ, కమ్మగ ఉన్నయి.”

నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ మాట ఆ రోజు సరిపోయినంతగా మరెప్పుడూ సరిపోదు. నవత ఆమె భుజం పట్టుకుంది. బ్లెస్సీ ఏడ్చింది, దాచుకోలేదు.

మర్నాడు శ్యాంసుందర్ ఆమెను పిలిచి రిపోర్టు రాయమన్నాడు. టాంకర్ ఆలస్యం, లారీ డీజిల్, తొమ్మిది దాటిన పాలు, ఇవన్నీ పైకి తెలిసిపోయాయి. ఎవరో ఒకరి పేరు కావాలి. ఆయన ఆమె మేలు కోరే చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. కేంద్రం మనిషి తప్పుడు సమాచారం ఇచ్చిందని రాస్తే సరిపోతుంది, మీ పేరు రాదు, రికార్డు ఉండనే ఉంది అన్నాడు. అని రికార్డు వినిపించాడు.

“డీజిల్ నిండుకున్నది బిడ్డా. జర సూడుండ్రి.”

“మంచిదవ్వా. మంచిగైంది.”

తన గొంతు తనకు అంత హుషారుగా వినబడడం బ్లెస్సీ భరించలేకపోయింది. దాని తర్వాత వచ్చిన ఆ క్షణం మౌనం, ‘సరె బిడ్డా’ అన్న మాట అంతకన్నా కష్టంగా ఉన్నాయి.

“జర సూడుండ్రి అన్నది సార్,” అంది. “ఫుల్ ఉంటే చూడుమని ఎందుకంటది? ఆమె సక్కగనే చెప్పింది. నేనే తప్పు విన్న. అదే రాస్త.”

“మెమో వస్తది మీకు.”

“రానియ్యుండ్రి.”

అలాగే రాసింది, కింద తన పేరు పెట్టింది. మెమో వచ్చింది. శ్యాంసుందర్ దాన్ని ఇస్తున్నప్పుడు ఆమె ముఖంలోకి చూడలేదు. మా అమ్మ కూడా గట్లనే అంటదమ్మా, నిండుకున్నయి అని, నాకూ యాదికి రాలే అన్నాడు. బుచ్చవ్వ ఇచ్చోడలో క్యాన్లు కడుగుతూనే ఉంది.

కానీ బ్లెస్సీకి ఒక్క సంగతి అంతుపట్టలేదు. ఆ వారం కేంద్రాలకు రోజువారీ ఫోన్లు చేస్తూ, ఇచ్చోడలో బుచ్చవ్వే ఎత్తితే, పనంతా మాట్లాడేశాక, ఉండబట్టలేక అడిగింది.

“అవ్వా, ఆ దినం నేను మంచిగైందంటే నువ్వు నన్నెందుకు తిట్టలే? డీజిల్ ఒడిస్తే మంచిగైందంటదేందీమె అనుకోలేదా?”

“ఎందుకు తిడ్త బిడ్డా,” అంది బుచ్చవ్వ. “నేను నోటితోని ఒడిసిందనలే. నువ్వు గూడ అనిపియ్యలే. మంచిగైందని మంచి మాటనే అంటివి. చదువుకున్నదైనా మర్యాదెరిగిన పిల్ల, తప్పకుంట పంపుతదనుకున్న. అందుకే నిమ్మళంగ కూసున్న.”

ఫోన్ తెగిందేమోనని అటువైపు నుంచి బుచ్చవ్వ రెండుసార్లు పిలిచింది.

“ఉన్న అవ్వా,” అంది చివరికి. ఇక నుంచి ఒడిసిందని సూటిగా చెప్పమని అడుగుదామనుకుంది. వాళ్ల నాన్నయితే అదే అనేవాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. “ఇప్పుడు డీజిల్ ఎట్లున్నదవ్వా?” అని మాత్రం అడిగింది.

“ఉన్నది బిడ్డా. ఉన్ననాడు ఉన్నదనే అంట.”

బ్లెస్సీ డీజిల్ లెక్క కాగితం ముందుకు లాక్కుంది. ఇచ్చోడ పక్కన ఇన్నాళ్లూ ‘ఫుల్’, ‘సగం’, ‘నిల్’ అని మూడు గడులుండేవి. మూడూ కొట్టేసి ఒక్కటే గడి పెట్టింది, ‘ఉన్నది’. కింద అన్ని కేంద్రాలకూ కలిపి ఒకే వాక్యం రాసింది. ఉన్నది అన్న మాట చెవిన పడకపోతే, ఇంకే మాట పడినా, వెంటనే బండి పంపాలి.